రాలిన టేకాకు ఎటు పోతుంది?

మాఘం ముగిసేసరికి జన్నారం, ఖానాపూర్, ఉట్నూరు అడవుల్లో నేల కనబడదు. టేకు, నల్లమద్ది, ఏగిస, తిరుమాను, కొడిశ అన్నీ కొద్ది వారాల తేడాతో ఆకు దులిపేస్తాయి. అడుగు వేస్తే చీలమండ దాకా ఎండుటాకు. ఆకు, పుల్ల, పూత, కాయ తొక్క అన్నీ కలిపితే ఒక్క హెక్టారులోనే ఏడాదికి కొన్ని టన్నులు రాలతాయి. వచ్చే మాఘానికి మళ్లీ అంతే. అయినా ఆకుల మందం రెట్టింపు కాదు, పదేళ్ల తర్వాత వెళ్లినా ఇంచుమించు ఇంతే ఉంటుంది. వేల ఏళ్లుగా ఆకు రాలుస్తున్న అడవిలో ఆ ఆకంతా ఏమైనట్టు?

ఎండుటాకు బరువులో దాదాపు సగం కర్బనమే. అది నేలలోంచి వచ్చింది కాదు, ఆకు పచ్చగా ఉన్నన్నాళ్లూ గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ నుంచి పట్టుకున్నది. ఆ కర్బనం వెంట నడిస్తే ఆకు ఎటు పోయిందో తెలుస్తుంది. చాలా భాగం మళ్లీ గాలిలోకే పోతుంది. కొద్ది భాగం మాత్రం మట్టిలో నిలుస్తుంది. ఏటేటా నిలిచే ఆ కొద్దిపాటి భాగమే పోగై చివరకు చెట్లను మించిపోవడం ఈ కథలో విచిత్రం.

లెక్కలు చూడండి. దేశంలోని అడవులన్నిటిలో 720 కోట్ల టన్నుల కర్బనం ఉందని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2021 నివేదిక అంచనా కట్టింది. అందులో సగానికి పైగా ఉన్నది మానుల్లో, కొమ్మల్లో కాదు, మట్టిలో. అదీ పైనున్న 30 సెంటీమీటర్ల మట్టిని లెక్కేస్తేనే. ప్రపంచం మొత్తం మీద మీటరు లోతు నేలలో సుమారు లక్షన్నర కోట్ల టన్నుల సేంద్రియ కర్బనం ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా. గాలిలో ఉన్నది దాదాపు 87 వేల కోట్ల టన్నులు. భూమ్మీది మొక్కలన్నీ కలిపినా గాలిలో ఉన్నంత లేవు. అడవి అనగానే తలెత్తి చూడటం మనకు అలవాటు. కర్బనం లెక్కకు మాత్రం తల దించాలి.

ఎకరం లెక్కన చెప్పుకుంటే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఎకరం నేలలో 30 సెంటీమీటర్ల లోతు వరకు ఉండే మట్టి సుమారు 1,700 టన్నులు. అందులో సేంద్రియ కర్బనం ఒక్క శాతం అనుకుంటే 17 టన్నులు. ఆ కర్బనమంతా గాలిలో కలిస్తే 62 టన్నుల కార్బన్ డై ఆక్సైడ్ అవుతుంది. భూసార పరీక్ష కాగితంలో ‘సేంద్రియ కర్బనం’ అనే గడిలో 0.5 శాతం లోపు ఉంటే తక్కువ అనీ, 0.75 దాటితే ఎక్కువ అనీ రాస్తారు. ఆ దశాంశాలు చూడటానికి చిన్నవి, మోసే బరువు మాత్రం చాలా పెద్దది.

ఫాల్గుణం నుంచి రోహిణి కార్తె దాకా అడవి నేల మీద పని దాదాపు ఆగిపోతుంది. ఆకును కుళ్లబెట్టే బాక్టీరియాకూ, బూజులకూ తడి కావాలి. ఆదిలాబాద్ ఎండలో, 45 డిగ్రీల వేడిలో, పొడి మట్టిలో అవి కదలలేవు. కొన్ని చస్తాయి, కొన్ని పైన గట్టి కవచం కట్టుకుని నిద్రపోతాయి. ఆ నెలల్లోనూ పని ఆపనివి చెదలు.

చెద ఎండలోకి రాదు. ఆకు మీదికి, పుల్ల మీదికి ముందు మట్టి కప్పు వేసుకుని, ఆ కప్పు కింద తడి నిలుపుకుని లోపల్లోపల తింటుంది. మన అడవుల్లో పుట్టలు పెట్టే చెదలలో ఎక్కువగా కనిపించేది ఒడొంటోటెర్మిస్ జాతి. టేకాకులోని గట్టి లిగ్నిన్‌ను అరిగించుకునే శక్తి దీనికి పెద్దగా లేదు. అందుకని ఇది వ్యవసాయం చేస్తుంది. కొరికి మింగిన ఆకును పుట్ట లోపలి అరల్లో విసర్జించి, గుల్లగుల్లగా ఉండే తోటలు కడుతుంది. వాటి మీద టెర్మిటోమైసెస్ అనే శిలీంధ్రం పెరుగుతుంది. లిగ్నిన్‌ను విరగ్గొట్టే పని శిలీంధ్రానిది, మెత్తబడిన తోటను తినడం చెదలవంతు. ఈ పొత్తు మొదలై సుమారు మూడు కోట్ల ఏళ్లయింది. మనిషి సాగు మొదలుపెట్టి పదివేల ఏళ్లే.

వానలు పడ్డాక ఈ తోటల్లోంచి పొడవాటి కాడలు మట్టిని చీల్చుకుని పైకొస్తాయి. అవే పుట్టకొక్కులు. వానాకాలంలో దండేపల్లి, జన్నారం రోడ్ల పక్కన మోదుగాకుల్లో పెట్టి అమ్మేవి ఇవే. మటన్ ధర పలికినా జనం వెనకాడరు. షెడ్లలో పెంచుదామని ఎంతోమంది ప్రయత్నించారు గానీ, చెదలు లేకుండా వాటిని పంటగా తీయడం ఇంతవరకు ఎవరికీ సరిగ్గా చేతకాలేదు. కూర వండుకున్నప్పుడు మన నోట్లోకి వచ్చేది కూడా రాలిన ఆకుల కర్బనమే, కాస్త చుట్టు తిరిగి వచ్చిందంతే.

ఇంట్లో దర్వాజాను పాడుచేస్తుంది కాబట్టి చెదను శత్రువుగా చూస్తాం. అడవిలో దాని పాత్ర వేరు. లోతుల్లోంచి మెత్తటి బంకమట్టిని పైకి తెస్తుంది, పై ఆకును లోపలికి తీసుకెళ్తుంది. దాని సొరంగాల వెంట వాన నీరు కిందికి దిగుతుంది. వానపాములు తడి నేలలో చేసే పనిని ఎండు నేలలో చెదలు చేస్తాయి.

ఇక మృగశిర. తొలి జల్లు పడగానే లేచే మట్టి వాసన మీద కవిత్వం చాలా వచ్చింది, రసాయన శాస్త్రం కూడా వచ్చింది. పొడి నేల నుంచి, రాళ్ల నుంచి వచ్చే ఆ వాసన మీద ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు 1964లో ఆస్ట్రేలియా నుంచి పరిశోధన పత్రం రాశారు. ఆ వాసనలో ప్రధానమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని మరుసటి ఏడాదే వేరే శాస్త్రజ్ఞులు వేరుచేసి గుర్తించారు. మట్టిలోని స్ట్రెప్టోమైసెస్ బాక్టీరియా దాన్ని తయారుచేస్తాయి. అయితే ఆ వాసనతో పాటే, వాసన లేని కార్బన్ డై ఆక్సైడ్ కూడా నేలలోంచి ఉప్పెనగా లేస్తుంది. తూర్పు ఆఫ్రికా నేలల మీద పనిచేసిన హెచ్.ఎఫ్. బర్చ్ 1958లో దీన్ని లెక్కగట్టి చూపించాడు. మట్టి ఎంత గట్టిగా ఎండితే, తడిసిన తొలి గంటల్లో, రోజుల్లో అంత ఎక్కువ కర్బనం విడుదలవుతుంది. నేలశాస్త్రంలో దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఎందుకలా? ఎండలో చచ్చిన సూక్ష్మజీవుల శరీరాలు బతికిన వాటికి మేత అవుతాయి. ఎండను తట్టుకోవడానికి తమలో దాచుకున్న చక్కెరలను, ఇతర పదార్థాలను తడి తగలగానే సూక్ష్మజీవులు బయటికి వదిలేస్తాయి, లేకపోతే నీరు చొరబడి పగిలిపోతాయి. ఎండిన మట్టి పెడ్డ నీళ్లలో విచ్చుకున్నప్పుడు లోపల చిక్కుకున్న పాత సేంద్రియ పదార్థం బయటపడుతుంది. దాంతో పాటే నత్రజని కూడా.

మనలాంటి అడవుల మీద ఈ విషయంలో మంచి పని బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జరిగింది. వింధ్య పీఠభూమి అడవులు కూడా ఎండాకాలం ఆకురాల్చేవే. అక్కడి మట్టిలో సూక్ష్మజీవుల మొత్తం బరువు వానాకాలంలో పెరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. జె.ఎస్. సింగ్ బృందం కొలిచి చూస్తే తలకిందులుగా తేలింది: ఎండాకాలంలో ఎక్కువ, వానాకాలంలో తక్కువ. 1989లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన చెప్పేదేమిటంటే, మొక్కలకు అక్కర లేని కాలంలో సూక్ష్మజీవులు నత్రజనినీ భాస్వరాన్నీ తమ ఒంట్లో పట్టి ఉంచుతాయి, వేర్లు మేల్కొనే వేళకు చచ్చి విడిచిపెడతాయి. తొలకరికి టేకు చిగురు అంత జోరుగా రావడం వెనక ఈ చావులున్నాయి.

ఆరుద్ర నుంచి దసరా దాకా అడవి నేలకు తీరిక ఉండదు. వేడీ తడీ కలిసొచ్చినప్పుడు కుళ్లడం ఎంత వేగంగా సాగుతుందంటే, పండగనాటికి చాలా టేకాకులు ఈనెల జల్లెడగా మిగులుతాయి. మెత్తటి ఆకులు ముందు పోతాయి, లిగ్నిన్ ఎక్కువున్నవి ఆగుతాయి. కుళ్లడమంటే సూక్ష్మజీవి తినడం, ఊపిరి వదలడం. ఆకులోని కర్బనంలో సింహభాగం ఇలా ఏడాది రెండేళ్లలో గాలికి చేరుతుంది.

మరి మిగిలేది ఏ రూపంలో మిగులుతుంది? బళ్లో చదువుకున్న జవాబు ‘హ్యూమస్’. కుళ్లగా కుళ్లగా చివరకు ఏ జీవీ తినలేని పెద్ద పెద్ద నల్లటి అణువులు తయారవుతాయనీ, అవే నిలుస్తాయనీ చాలాకాలం నమ్మారు. ఘాటైన క్షారంలో మట్టిని నానబెడితే నల్లటి ద్రవం దిగేది కదా, అదే రుజువు అనుకున్నారు. గత రెండు దశాబ్దాల్లో ఈ నమ్మకం బాగా కదిలిపోయింది. ఆ నల్లటి అణువుల్లో చాలావరకు ఆ క్షారపు పరీక్ష పుట్టించినవేననీ, మట్టిలో అవి అలా ఉండవనీ 2015లో యోహానెస్ లేమన్, మార్కస్ క్లేబర్ నేచర్‌లో వాదించారు. మట్టిలో నిజంగా ఉండేవి రకరకాల స్థాయుల్లో తెగిన ముక్కలు. వాటిలో పెద్ద వాటా ఆకుది కూడా కాదు, ఆకును తిని చచ్చిన సూక్ష్మజీవులది.

చక్కెర లాంటి సులువైన పదార్థం కూడా మట్టిలో దశాబ్దాలు నిలవగలదు. తినలేనిది కాబట్టి కాదు, తినేవాడికి అందని చోట ఉంది కాబట్టి. బంకమట్టి రేణువుకు అతుక్కుపోయినా, మట్టి పెడ్డ లోపల గాలి తగలని గదిలో చిక్కినా దాన్ని చేరుకునే ఎంజైమ్ ఉండదు. నేలలో కర్బనం ఆయుష్షును తేల్చేది దాని గట్టిదనం కన్నా దాని చిరునామా అని ఇప్పటి శాస్త్రం సారాంశం. అడవులను చూసే మన పద్ధతి కూడా దీన్నిబట్టి మారాలని నా అభిప్రాయం.

ఈ దృష్టితో చూస్తే పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల నేలలు వేర్వేరు కథలు చెబుతాయి. ఆదిలాబాద్ పడమటి, ఉత్తర భాగాల్లో దక్కన్ లావా రాయి పరుచుకుని ఉంది. అది చివికితే రేగడి. కరీంనగర్ వైపు గ్రానైటు గుట్టలు, వాటి చుట్టూ ఎర్రటి చెలక నేలలు. ప్రాణహిత, గోదావరి లోయ వెంట ఇసుకరాయి. రేగడిలో బంక ఎక్కువ, ఆ బంక రేణువుల ఉపరితలం అపారం, కాబట్టి కర్బనాన్ని పట్టుకునే చోటూ ఎక్కువే. ఇసుక నేలలో ఆ చోటు తక్కువ. అదే ఆకు, అదే వాన అయినా మంథని, మహదేవపూర్ వైపు ఇసుకరాయి నేలలో నిలిచేది ఉట్నూరు రేగడిలో నిలిచినంత ఉండదు. ఎండాకాలం రేగడి పగుళ్లు బారినప్పుడు పై ఆకుపొడి ఆ నెర్రెల్లో పడి అడుగులోతు కిందికి వెళ్లిపోతుంది. వాన పడి నెర్రె మూసుకుంటే కర్బనం అక్కడే ఉండిపోతుంది.

ఒక్క మాట: రేగడి నలుపు చూసి కర్బనం దండిగా ఉందనుకోవద్దు. దున్నిన రేగడి చేలల్లో సేంద్రియ కర్బనం తరచూ అర శాతం దగ్గరే ఆడుతుంది. ఆ నలుపుకు బంక ఖనిజాలు, వాటితో పెనవేసుకున్న కొద్దిపాటి సేంద్రియ పదార్థం, ఇనుము, టైటానియం ఉన్న ఖనిజాలు కారణం. ఎర్రగా ఉండే అడవి నేల ఒక్కోసారి నల్లటి పత్తి చేను కన్నా ఎక్కువ కర్బనం మోస్తుంది.

నేల కర్బనం చెరువు నీళ్లలాంటిది. మట్టం ఎంత ఉందన్నది వచ్చే వరదకూ తూము కింద పోయే నీటికీ మధ్య తేడా. వరద అంటే ఆకు, వేరు. తూము అంటే సూక్ష్మజీవుల ఊపిరి, మంట, కోత. ఇది అర్థమైతే అడవిలో అగ్గి గురించి కాస్త నెమ్మదిగా మాట్లాడగలం.

ఈ అడవుల్లో అగ్గి చాలావరకు మనుషులు పెట్టేదే. ఇప్పపువ్వు రాలే కాలంలో చెట్టు కింద ఎండుటాకు ఉంటే పువ్వు కనబడదు, ఏరుకోలేరు. ఆకును ఊడ్చి అంటిస్తారు, ఒక్కోసారి అది చెయ్యి దాటుతుంది. తునికి పొదలు కాలితే కొత్త చిగురు మెత్తగా వస్తుందని తునికాకు కాలానికి ముందు అంటించేవాళ్లూ ఉన్నారు. యాభై ఆకుల కట్టలుగా కల్లాల్లో అమ్మే ఆ ఆకు కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఇళ్లలో బీడీ అవుతుంది. ఆ తునికాకు కర్బనం దారి మరీ పొట్టిది.

ఎండుటాకు మీద పరుగెత్తే మంట మట్టి లోపల కొన్ని సెంటీమీటర్ల కంటే లోతుకు వేడెక్కించదు. కాబట్టి ఒక్క అగ్గికే నేల కర్బనమంతా బూడిదవుతుందనడం అతిశయోక్తి. పైగా కాలీకాలని బొగ్గు ముక్కలు మట్టిలో కలిస్తే వందల ఏళ్లు నిలుస్తాయి. బూడిదలోని సున్నం, పొటాష్ వల్ల గడ్డి పచ్చగా లేస్తుంది, పశువులవాళ్లకు ఆ అనుభవం ఉంది. నష్టం వేరే చోట ఉంది. ఏటా అదే చోట కాలితే వరద ఆగిపోతుంది: రాలిన ఆకు మట్టిదాకా చేరదు, సూక్ష్మజీవికి మేత ఉండదు. నత్రజని పొగలో పోతుంది. లేతమొక్కలు చస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఆకు కప్పు లేని నేల మీద తొలకరి చినుకు నేరుగా కొడుతుంది. కర్బనం ఎక్కువున్న పై పొర, బూడిద, బొగ్గు అన్నీ కలిసి వాగులో నల్లగా దిగుతాయి. మే నెలాఖరులో కాలి, జూన్ మొదట్లో తడిసిన వాలు భూమిని చూస్తే చాలు. అటవీశాఖ చలికాలం చివర ఫైర్ లైన్లు కొట్టించేది ఇందుకే. ఇప్పచెట్టు కింద అగ్గి బదులు పరదాలు పరచడం ఇంకా చవకైన ఉపాయం.

దున్నడం ఇంకో పెద్ద తూము. హాన్స్ జెన్నీ అనే ప్రసిద్ధ నేలశాస్త్రజ్ఞుడు, మన దేశానికి చెందిన ఎస్.పి. రాయ్‌చౌధురి కలిసి దేశమంతటి అడవి మట్టినీ, సాగు మట్టినీ పోల్చి 1960లో పుస్తకం తెచ్చారు. వేడి పెరిగే కొద్దీ, సాగు పెరిగే కొద్దీ మట్టిలో సేంద్రియ పదార్థం ఎలా పడిపోతుందో అందులో పట్టికలుగా ఉంది. ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరిశీలనలను కలిపి గువో, గిఫర్డ్ 2002లో తీసిన సగటు ఇది: సహజమైన అడవిని చేనుగా మారిస్తే నేల కర్బనం 42 శాతం తగ్గుతుంది. అడవిని కొట్టి తోట అడవి పెంచినా 13 శాతం తగ్గుతుంది. ఈ రెండో అంకె హరితహారం లాంటి మొక్కల పెంపక పథకాల లెక్కలు చదివేటప్పుడు పక్కన పెట్టుకోదగ్గది. ఉన్న అడవిని పోగొట్టుకుని అంతే విస్తీర్ణంలో మొక్కలు నాటామంటే నేల లెక్క సరిపోదు.

పోడును ఇందులో కలిపేయడం న్యాయం కాదు. గుట్టల మీద కొలాములు రెండు మూడేళ్లు పండించి, ఆ చోటును వదిలి ముందుకు సాగేవాళ్లు. మళ్లీ అక్కడికి వచ్చేసరికి చెట్టు తిరిగి లేచేది, ఆకు రాలేది, మట్టం కోలుకునేది. నిజాం కాలంలో రిజర్వు అడవుల గీతలు గీసి గోండులను, కొలాములను కొద్ది నేలలోకి నెట్టాక ఆ విరామం పోయింది. కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన పోరాటంలో ఈ గీతలే ప్రధానం. ఆ దరిమిలా ఇక్కడికొచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ రాతల్లో ఈ ఇరుకు స్పష్టంగా కనిపిస్తుంది. వాలు మీద ఏటా పత్తి వేసి, కట్టె పీకి తగలబెట్టే నేటి పద్ధతికి పాత పోడుతో పోలిక లేదు.

కోతకు పోయిన కర్బనమంతా గాలిలో కలవదు. కడెం, పెద్దవాగు, ప్రాణహిత దాన్ని గోదావరికి, గోదావరి బంగాళాఖాతానికి అందిస్తాయి. నదీముఖం బయట సముద్రపు అడుగున తవ్వి తీసిన బురదలో ఆకుల మీది మైనం వేల ఏళ్లుగా చెదరకుండా ఉంది. చెట్ల మైనంలో, మెట్ట గడ్డుల మైనంలో కర్బన ఐసోటోపుల పాళ్లు వేరు. ఆ తేడా పట్టుకుని కమిలో పొంటన్, ఆయన సహచరులు 2012లో గోదావరి పరీవాహకం చరిత్ర చదివారు. సుమారు నాలుగు వేల ఏళ్ల క్రితం నుంచి ఎండు వాతావరణం ముదిరి, దాన్ని తట్టుకునే మొక్కలు పెరిగాయని తేలింది.

సముద్రం దాకా పోకుండా ఈ లోయలోనే ఆగిన ఆకులూ ఉన్నాయి. రామగుండం, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు పొరలు 25 కోట్ల ఏళ్లకు పైబడినవి. అప్పుడు ఇక్కడ గ్లోసోప్టెరిస్ అడవులు. నాలుక ఆకారపు ఆకుతో ఉండే ఆ చెట్టు కూడా టేకులాగే ఆకురాల్చేది. తేడా ఒక్కటే: అది రాల్చింది చిత్తడిలోకి. నిలవ నీటిలో గాలి లేదు, కుళ్లడం సగంలో ఆగింది, పైన ఇసుక, బురద పేరుకుంది. పుట్టగొడుగుకు అందని చోట పడ్డ ఆ ఆకును ఇప్పుడు 2,600 మెగావాట్ల రామగుండం ఎన్‌టీపీసీ కేంద్రం తగలబెడుతోంది.

ఓపెన్‌కాస్టు గనుల పక్కన లేచిన ఓవర్‌బర్డెన్ (ఓబీ) గుట్టలు నేలశాస్త్రజ్ఞులకు అరుదైన ప్రయోగశాల. భూగర్భం నుంచి తీసి పోసిన రాతిపొడి అది, జీవం ఎరగనిది. దాని మీద మొక్కలు నాటితే మట్టి పుట్టడాన్ని మొదటి నుంచీ చూడొచ్చు. కొలవడంలో మాత్రం ఒక చిక్కుంది. సేంద్రియ కర్బనం కొలవడానికి మన ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడేది 1934 నాటి వాక్లే–బ్లాక్ పద్ధతి: మట్టిని పొటాషియం డైక్రోమేటు, గంధకామ్లంతో కలిపి, ఎంత కర్బనం ఆక్సీకరణ చెందిందో రంగు మార్పుతో తేలుస్తారు. ఓబీ మట్టిలో బొగ్గు రజను ఉంటే అందులోనూ కొంత ఈ ఆమ్లంలో ఆక్సీకరణ చెంది లెక్కలోకి వచ్చేస్తుంది. నాటిన మొక్క నిరుడు రాల్చిన ఆకుకూ గ్లోసోప్టెరిస్ ఆకుకూ ఆ పరీక్షనాళికలో తేడా లేదు. వాటిని విడదీయాలంటే రేడియో కార్బన్ దగ్గరికి వెళ్లాలి. దాని అర్ధాయువు 5,730 ఏళ్లు కాబట్టి బొగ్గులో ఎప్పుడో పూర్తిగా నశించింది, కొత్త ఆకులో నేటి గాలిలో ఉన్నంత ఉంటుంది. ఓబీ గుట్ట మట్టిలో ఆ పాళ్లు చూస్తే అక్కడి కర్బనంలో చెట్లు కొత్తగా చేర్చింది ఎంతో, గని వదిలిపెట్టింది ఎంతో తేలిపోతుంది.